షిప్కీ లా దగ్గర ఆగిపోయిన రోడ్డు

హిమాచల్ ప్రదేశ్‌లో సట్లెజ్ నది వెంట ఎగువకు సాగి, కిన్నౌర్ జిల్లా దాటి, స్పితి లోయ చుట్టి, కుంజుం కనుమ మీదుగా మనాలీ వైపు దిగే దారి గురించి ఈ మధ్య తెలుగులో చాలామంది రాస్తున్నారు, వీడియోలు తీస్తున్నారు. వాటిలో ఎక్కువ భాగం ఆ లోయలను లోకానికి దూరంగా, బయటివారి చేయి పడకుండా మిగిలిపోయిన ప్రాంతాలుగా చూపిస్తాయి. అమలాపురం దగ్గరి మా ఊరి నుంచి బావగారితో కలిసి కారులో బయలుదేరి, ఆ దారంతా నిదానంగా తిరిగి వచ్చాక, ఆ చిత్రణ తప్పని గట్టిగా చెప్పాలనిపించింది. కిన్నౌర్, స్పితి మొదటి నుంచీ మారుమూలలు కావు. వందల ఏళ్ల పాటు మనుషులు, ఉన్ని, ఉప్పు, గ్రంథాలు, బొమ్మలు గీసే చేతులు అటూ ఇటూ దాటిన దారి మీద నిలిచిన ఊళ్లవి. అక్కడి ఎత్తు, చలి, మంచు అప్పుడూ ఉన్నాయి, ఇప్పుడూ ఉన్నాయి. మధ్యలో వచ్చిన మార్పు 1962లో చైనాతో యుద్ధం వచ్చి టిబెట్ వైపు కనుమలు మూతపడటం. ఈ సంగతి తెలియకుండా వెళ్లివచ్చిన వారు కొండలను చూసి వస్తారు గానీ, ఆ కొండల్లో ఉన్నవారు ఏం పోగొట్టుకున్నారో చూడకుండానే వస్తారు.

దారి మూసుకుపోతే ఊరు ఏమవుతుందో డెల్టా వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. కాకినాడకు దక్షిణాన ఉన్న కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు. అక్కడి నుంచి రంగూన్ వైపు ఎంతమంది ఓడ ఎక్కారో గానీ, బర్మాలో తెలుగువారికి కోరంగీలన్న పేరే స్థిరపడిపోయింది. 1839 నవంబరు నాటి తుఫాను ఆ రేవును ఊడ్చివేసింది. ఏరు మేట వేసింది. ఓడలు కాకినాడకు మళ్లాయి. ఇవాళ మడ అడవిలో చెక్కబాట మీద నడవడానికి అక్కడికి వెళ్లే వాళ్లు ఎంత ప్రశాంతంగా ఉందో అని మెచ్చుకుంటారు. ఆ ప్రశాంతత ఒక రేవు పోగా మిగిలినదని తెలిస్తే ఆ మెచ్చుకోలు అంత తేలికగా నోట రాదు. దాని పక్కనే యానాం ఉంది. 1954 దాకా ఫ్రెంచి ఏలుబడిలో ఉన్న ఆ ఊరు మన వరిచేల మధ్యనే ఉన్న పరదేశం. శారదా చట్టం వచ్చి బ్రిటిషు ఇలాకాలో బాల్య వివాహం నేరమైనప్పుడు, చుట్టుపక్కల వాళ్లు పిల్లలను తీసుకుని యానాం వెళ్లి పెళ్లిళ్లు చేసుకు వచ్చేవారు. దానికి కల్యాణపురమన్న పేరు అలా వచ్చిందే. ఆ పెళ్లిళ్లను నేను సమర్థించడం లేదు. సరిహద్దుకు ఒక తలుపు ఉన్నంతకాలం దాని పక్కనున్న ఊరికి రాకపోకలు, సందడి, సంపాదన ఉంటాయని, తలుపు మూస్తే అదే ఊరు గోడ వారన మిగిలిపోతుందని మాత్రమే అంటున్నాను.

మైదానంలో ప్రయాణం గురించి చెప్పవలసినది తక్కువ. రావులపాలెం దగ్గర ఎక్కిన 16వ నంబరు జాతీయ రహదారి, విజయవాడ నుంచి హైదరాబాదు, అక్కడి నుంచి 44వ నంబరు రహదారి మీద నాగపూర్, ఝాన్సీ, ఆగ్రా, ఢిల్లీ. అసలు దారి సిమ్లా తర్వాత మొదలవుతుంది. నార్కండా దేవదారు అడవుల నుంచి రోడ్డు మెలికలు తిరుగుతూ సట్లెజ్ గట్టుకు దిగి, సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్న రాంపూర్ చేరుతుంది. అక్కడ మధ్యాహ్నం ఉక్కపోత మాకు మే నెల రాజమండ్రిని తలపించింది.

రాంపూర్‌లో చాలామంది ఆగరు. టీ తాగి, టైర్లలో గాలి చూసుకుని వెళ్లిపోతారు. ఈ లోయ కథ అర్థం కావాలంటే ఆగవలసిన మొదటి చోటు అదే. అది బుషహర్ సంస్థానానికి రాజధాని. 17వ శతాబ్దంలో ఆ సంస్థానాన్ని ఏలిన కేహరి సింగ్ టిబెట్‌తో చేసుకున్న వర్తక ఒప్పందం నుంచి అక్కడి లవీ సంత పుట్టిందని చెబుతారు. ఏటా నవంబరులో అది ఇప్పటికీ జరుగుతుంది. ఉన్ని, పష్మీనా, చిల్గోజా అనే పైన్ చెట్టు గింజలు, ఎండబెట్టిన ఆప్రికాట్లు, చాముర్తీ జాతి గుర్రాలు అక్కడ అమ్ముడవుతాయి. సంత జరిగే మైదానం మేం వెళ్లినప్పుడు ఖాళీగా ఉంది గానీ, ఊరి నడిబొడ్డున దానికి వదిలిన స్థలాన్ని చూస్తేనే ఆ పట్టణం దేనికోసం వెలిసిందో తెలుస్తుంది. కొండల్లో చదునైన నేల ఎంత అరుదో, దాన్ని సంతకు వదలడమంటే ఆ సంత ఎంత ముఖ్యమో డెల్టాలో పుట్టిన వాడికి కొంచెం ఆలోచిస్తే గానీ అందదు. తర్వాత 1850లో, డల్హౌసీ గవర్నర్ జనరల్‌గా ఉన్న కాలంలో, ఇంగ్లీషు వాళ్లు సిమ్లా నుంచి టిబెట్ సరిహద్దున ఉన్న షిప్కీ లా కనుమ వైపు హిందూస్తాన్-టిబెట్ రోడ్డు మొదలుపెట్టారు. ఇప్పటి 5వ నంబరు జాతీయ రహదారి చాలావరకు దాని వారసురాలు. సట్లెజ్ వెంట ఎగువకు పోయే ప్రతి వాహనమూ టిబెట్ చేరడానికి వేసిన రోడ్డు మీదనే నడుస్తోంది.

ఆ రోడ్డు ఇప్పుడు టిబెట్ చేరదు. స్వతంత్రం వచ్చాక కూడా కొంతకాలం చేరింది. 1954 ఏప్రిల్ 29న భారత్, చైనా కుదుర్చుకున్న వర్తక ఒప్పందంలో వ్యాపారులు, యాత్రికులు దాటదగిన కనుమలుగా ఆరింటిని పేర్కొన్నారు. వాటిలో మొట్టమొదటిది షిప్కీ లా. ఎనిమిదేళ్లకు ఆ ఒప్పందం గడువు ముగిసింది, యుద్ధం వచ్చింది, కనుమ మూతపడింది. 1994లో మళ్లీ పరిమితంగా తెరిచారు. 2020లో మహమ్మారి పేరున ఆగింది.

పూహ్ దాటాక రోడ్డు పక్క తోటలో ఆప్రికాట్లు ఆరబెడుతున్న ఒక పెద్దాయనతో కూర్చున్నాం. తలమీద కిన్నౌర్ వాళ్ల ఆకుపచ్చ అంచు టోపీ. వేళ్లతో కాయను నొక్కి చూసి, బాగా ఎండినదాన్ని ఒక గుడ్డ మీదకు, ఎండనిదాన్ని మళ్లీ ఎండకు తోస్తూ మాట్లాడారు. ఆయన చిన్నతనంలో ఇంట్లో వాడిన ఉప్పు కనుమ అవతలి సరస్సుల నుంచి వచ్చేదట. మేకల, గొర్రెల వీపుల మీద చిన్న చిన్న సంచులు కట్టి, మందను తోలుకుంటూ తెచ్చేవారట. ఇక్కడి నుంచి ధాన్యం, ఎండు పండ్లు అటు వెళ్లేవి. మేం సముద్రం పక్క నుంచి వచ్చామని బావగారు చెప్పినప్పుడు ఆయన, "అయితే ఇప్పుడు మేం తినేది మీ ఉప్పే," అన్నారు. ఆయన మేనత్తను కనుమ అవతలి ఊరికి ఇచ్చారు. 1962 తర్వాత పుట్టింటి వాళ్లు ఆమెను మళ్లీ చూడలేదు. 1994 తర్వాత అనుమతి కాగితంతో సరుకు తీసుకుని అవతలికి వెళ్లిన వారిలో ఈయన ఒకరు. అప్పటికి అత్త లేదు. ఆమె మనుమలు ఇంట్లోకి పిలిచి టీ ఇచ్చారని, వాళ్ల మాట తనకూ తన మాట వాళ్లకూ ఇంకా అర్థమవుతోందని చెప్పారు.

ఆ మాట విన్న తర్వాత ఖాబ్ దగ్గర నిలబడటం తేలిక కాలేదు. అక్కడ టిబెట్ నుంచి వచ్చే సట్లెజ్‌లో స్పితి నది కలుస్తుంది. ఒకటి బూడిద రంగు, రెండోది కొంచెం తేట, కలిసిన తర్వాత కూడా కొంత దూరం విడివిడిగానే పారుతున్నట్టు కనబడతాయి. వంతెన దగ్గర దారి చీలుతుంది. ఒకటి స్పితి వెంట నాకో, తాబో, కాజాలకు పోతుంది. రెండోది నమ్గియా మీదుగా షిప్కీ లాకు పోయి ఆగిపోతుంది. 2025 జూన్‌లో హిమాచల్ ప్రభుత్వం ఆ కనుమను మన దేశ పర్యాటకులకు తెరిచింది. అదే ఏడాది ఆగస్టులో షిప్కీ లా, లిపులేఖ్, నాథూ లా కనుమల ద్వారా సరిహద్దు వర్తకాన్ని పునరుద్ధరించడానికి రెండు దేశాలూ అంగీకరించాయి. రెండూ మంచి పరిణామాలే. కానీ ఆ క్రమం చూడండి: ఎక్కడి నుంచో వచ్చి ఫొటో దిగే నాబోటి వాడికి కనుమ ముందు తెరుచుకుంది, మేనత్త ఇంటికి పోవలసిన వాడికి ఇంకా తెరుచుకోలేదు. వర్తకం మళ్లీ మొదలైనప్పుడు సరుకుల జాబితాతో పాటు చుట్టరికాల రాకపోకలకు కూడా చోటు ఇవ్వాలని మనం అడగాలి. అటువంటి ఏర్పాటు లోకంలో లేనిది కాదు. ఈశాన్యంలో మయన్మార్ సరిహద్దున రెండు వైపులా ఉన్న గిరిజనులు వీసా లేకుండా కొంత దూరం వెళ్లివచ్చే పద్ధతి దశాబ్దాల పాటు నడిచింది.

మనుషులను ఆపిన గీతను నీరు ఎన్నడూ పట్టించుకోలేదు. ఖాబ్ తర్వాత సుమ్దో దగ్గర స్పితి నదిలో పారేచూ అనే ఏరు కలుస్తుంది. అది హిమాచల్‌లోనే పుట్టి, టిబెట్‌లోకి వెళ్లి, అక్కడ తిరిగి మళ్లీ మన వైపుకే వస్తుంది. 2004లో టిబెట్ వైపు కొండచరియ విరిగి దానికి అడ్డుపడి ఒక సరస్సు ఏర్పడింది. మరుసటి ఏడాది జూన్‌లో ఆ అడ్డు తెగి, నీరంతా స్పితిలోకి, సట్లెజ్‌లోకి వచ్చిపడి, వంతెనలను, రోడ్లను కొట్టుకుపోయింది. సట్లెజ్ నీటిమట్టాల సమాచారం ఇచ్చిపుచ్చుకునేందుకు రెండు దేశాల మధ్య 2005లో అంగీకారం కుదిరింది. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర సుమారు 35 లక్షల క్యూసెక్కుల వరదను చూసిన మా తరం వాళ్లకు ఎగువ నుంచి వచ్చే కబురు విలువ తెలుసు. భద్రాచలంలో నీటిమట్టం ఎంత ఉందన్న ఒక్క అంకె కోసం లంకల్లో రాత్రంతా రేడియో పక్కన కూర్చునేవారు. ఆ అంకె చెప్పవలసిన వాడు మరో దేశంలో ఉండి, రెండు దేశాలకూ మాటలు లేనప్పుడు కింద ఉన్నవారి పరిస్థితి ఏమిటి? ఇరుపక్కల ఊళ్ల మధ్య రాకపోకలున్న కాలంలో ఇటువంటి కబురు కాలినడకన అయినా వచ్చేది.

నాకో దాటాక వచ్చే మలింగ్ నాలా దగ్గర మా కారుతో పాటు చాలా వాహనాలు ఆగిపోయాయి. అక్కడ కొండంతా వదులు మట్టి, రాళ్లు. పైనుంచి కారే నీరు దాన్ని రోజూ కొంచెం కొంచెం కిందికి తెస్తూ ఉంటుంది. సరిహద్దు రహదారుల సంస్థ వాళ్ల యంత్రం ఒకటి రోడ్డు మీద పడిన మట్టిని తోడి లోయలోకి నెడుతుంటే, ఒక కుర్రవాడు ఈల నోట పెట్టుకుని, తల వెనక్కి వంచి, పై వాలు మీదనుంచి చూపు తిప్పకుండా నిలబడ్డాడు. రాయి కదిలితే ఈల వేయడం అతని పని. ఒకసారి వేశాడు. యంత్రం నడిపే అతను చేతిలో పని వదిలి దూకి వెనక్కి పరుగెత్తాడు, పిడికిలంత రాళ్లు నాలుగైదు దొర్లాయి, మళ్లీ వచ్చి పని అందుకున్నాడు. ఇద్దరూ ఝార్ఖండ్ వాళ్లు. ఈ సంస్థ 1960లో ఏర్పడింది. హిమాలయాల మీద మనం గొప్పగా చెప్పుకునే కనుమలన్నిటికీ వెనుక ఇటువంటి మనుషులు ఉన్నారు. కనుమ ఎక్కి జెండా పట్టుకుని ఫొటో దిగేవారు దాన్ని జయించామని రాసుకుంటున్నారు. అక్కడ ఒకరు జయించినది ఏమీ లేదు. ఈల పట్టుకున్న ఆ కుర్రవాడు ఆ రోజు దారి ఇచ్చాడు, మనం వెళ్లాం.

కిన్నౌర్‌లో కొండవాలులు విరిగిపడటమంతా ప్రకృతి పని అనుకోవడానికి వీల్లేదు. సట్లెజ్ మీద 1,500 మెగావాట్ల నాథ్పా ఝాక్రీ కేంద్రానికి నీరు తీసుకుపోయే సొరంగం ఒక్కటే 27 కిలోమీటర్ల పైచిలుకు. దానికి ఎగువన కర్ఛమ్ వాంగ్టూ ఉంది, ఇంకా ఎగువన మరిన్ని ప్రతిపాదనలున్నాయి. 2021 ఆగస్టు 11న నిగుల్సరీ దగ్గర ఇదే రహదారి మీద కొండ విరిగి ఆర్టీసీ బస్సు మీద, ఇతర వాహనాల మీద పడి 28 మంది చనిపోయారు. ఆ తర్వాత కిన్నౌర్ యువకులు కొత్త ప్రాజెక్టులు వద్దంటూ గట్టిగా నిలబడ్డారు. కాటన్ కట్టించిన ఆనకట్ట నీళ్లతో బతుకుతున్న ప్రాంతం నుంచి వచ్చిన నేను పెద్ద నిర్మాణాలన్నీ చెడ్డవని అనలేను. 1852లో ఆ ఆనకట్ట పూర్తి కాకపోతే మా తాతల కాలానికే మా ఊరు ఖాళీ అయ్యేది. కానీ డెల్టాలో కాలువ తవ్వితే దాని గట్టు ఎవరు చూడాలి, లాకు ఎవరు తిప్పాలి, మురుగు ఎటు పోవాలి అన్నది కూడా అదే పనిలో భాగమైంది. కిన్నౌర్‌లో కొండను పేల్చడం ఒక పని, పేల్చిన కొండ పక్కన జీవించడం అక్కడి వాళ్ల ఖర్మ అన్నట్టుగా సాగుతోంది. రోడ్డు వెడల్పు పెంచడం కంటే ముందు వాలును నిలబెట్టడానికి డబ్బు పెట్టాలి. ఒక గంట ఆలస్యంగా చేరితే యాత్రికుడికి పోయేదేమీ లేదు.

తాబో చేరేసరికి సాయంత్రమైంది. ఆలయం మరుసటి రోజు ఉదయం చూశాం. బయటినుంచి చూస్తే అది మట్టి గోడల గుంపు, అంతే. 996లో కట్టిన బౌద్ధ ఆలయం అది. అప్పటి నుంచి నేటి దాకా అక్కడ ప్రార్థన జరుగుతూనే ఉంది. కట్టించినది పశ్చిమ టిబెట్‌ను ఏలిన గూగే రాజ్యం. ఆ రాజ్యపు ముఖ్య స్థానాలు సాపరాంగ్, తోలింగ్ ఇప్పుడు సరిహద్దు అవతల ఉన్నాయి. వేయేళ్ల కిందట ఇది ఒక రాజ్యానికి అంచు కూడా కాదు, ఆ రాజులు ఏరికోరి పెద్ద ఆలయం కట్టించిన చోటు. రించెన్ జాంగ్పో అనే పండితుడు ఈ దారులనే నడిచి కాశ్మీరుకు వెళ్లి సంస్కృతం చదివి, గ్రంథాలను టిబెటన్‌లోకి మార్చాడు; కాశ్మీరీ చిత్రకారుల, శిల్పుల పద్ధతి కూడా ఆ దారినే వచ్చింది.

ప్రధాన మందిరంలో చీకటి. ఫొటోలు తీయనివ్వరు, అది చాలా మంచి నియమం. చేతిలో ఫోను లేనప్పుడు కళ్లు నెమ్మదిగా అలవాటు పడతాయి. ముందు నాలుగు ముఖాల వైరోచన బుద్ధుడు కనబడ్డాడు. ఆ తర్వాత గోడల పైభాగం నుంచి ముందుకు పొడుచుకు వచ్చి కూర్చున్న మట్టి దేవతలు ఒక్కొక్కరూ బయటపడ్డారు. వాళ్ల నడుములు, వేళ్లు కాశ్మీరు కంచు బొమ్మల్లోవే. వాళ్ల కింద, కంటికి సరిగ్గా ఎదురుగా, ఒక పట్టీలాగా సాగిపోయే చిన్న చిన్న బొమ్మల కథ ఉంది. ఒక యువకుడు ఊరూరా తిరుగుతున్నాడు. ఒకచోట సాధువు ముందు, ఒకచోట స్త్రీ ముందు, ఒకచోట వర్తకుడి ముందు చేతులు జోడించి నిలబడ్డాడు. చూపించిన భిక్షువును అడిగితే సుధనుడని చెప్పాడు. గండవ్యూహ సూత్రమనే బౌద్ధ గ్రంథంలో గురువు తర్వాత గురువును వెతుక్కుంటూ దక్షిణాపథమంతా తిరిగిన సుధనుడు! ఆ కథలో అతని ఊరు ధాన్యాకరం. అది మన ధాన్యకటకమే, అంటే కృష్ణ ఒడ్డున అమరావతిని ఆనుకుని ఉన్న ధరణికోటే అని కొందరు పండితుల అభిప్రాయం. బుద్ధుడు కాలచక్రమనే తాంత్రిక బోధను మొదట చెప్పినది ధాన్యకటకంలోనే అని టిబెటన్ల సంప్రదాయం ఎలాగూ చెబుతుంది. దలై లామా తాబోకు వేయేళ్లు నిండిన 1996లో అక్కడ కాలచక్ర దీక్ష ఇచ్చి, 2006 జనవరిలో అదే దీక్ష అమరావతిలో ఇచ్చారు.

మా ఇంటి నుంచి కారులో కొన్ని గంటల దూరంలో ఉన్న ఊరి కథ ఆ మట్టిగోడ మీద వేయేళ్లుగా ఉంది. దాన్ని అక్కడ గీసినవారికి కృష్ణా తీరం ఒక పేరు, ఒక కథ, తెలిసిన చోటు. మనకే కొంతకాలంగా తాబో తెలియకుండా పోయింది. అటువంటి గోడ ముందు నిలబడి ఇది లోకానికి దూరంగా ఉన్న చోటు అని ఎలా రాస్తాం?

కాజా చుట్టుపక్కల ఊళ్లలో వాన దాదాపు ఉండదు. మంచు కరిగిన నీటిని కొండ వాలు వెంట కూల్ అనే సన్నని కాలువలో తెచ్చి, ఊరి పైన చిన్న చెరువులో రాత్రంతా నింపి, తెల్లవారాక పొలాలకు వదులుతారు. మేము బస చేసిన ఇంటి ఆవిడ ఉదయాన్నే పార భుజాన వేసుకుని వెళుతుంటే వెంట వెళ్లాను. బఠానీ చేను మొదట్లో కాలువకు అడ్డంగా పెట్టిన ఒక పలక రాయి, దాని సందుల్లో గడ్డి బెడ్డలు. ఆవిడ బెడ్డలు తీసి, రాయిని పాదంతో పక్కకు తిప్పి, అవే బెడ్డలను కింది దారికి అడ్డం వేసింది. నీరు నురగతో చేనులోకి తిరిగింది. మా బోదెల దగ్గర దాళ్వా రోజుల్లో మేం చేసే పని అదే, చేతి కదలిక కూడా అదే. ఇంతలో ఎగువ నుంచి ఒకాయన కేక వేశాడు. ఈవిడ ఎండను చూపించి ఏదో సమాధానం చెప్పింది. ఫలానా బండ మీదకు నీడ వచ్చే దాకా నీరు ఆవిడదట. డెల్టాలో వంతులవారీ నీరు ఇచ్చినప్పుడు గట్ల మీద జరిగే తగవులన్నీ గుర్తొచ్చాయి. ఆ బఠానీ ఇప్పుడు స్పితికి ముఖ్యమైన నగదు పంట. వర్తకం పోయిన తర్వాత ఆ ఊళ్లను నిలబెట్టిన వాటిలో అదొకటి; అది లారీ ఎక్కాలంటే రోడ్డు కావాలి.

అందుకే, రోడ్లు వేసి స్పితిని చెడగొట్టవద్దని మైదానం వాళ్లు అనడం నాకు నచ్చదు. కిబ్బర్ పక్కనున్న చిచమ్‌కు లోతైన లోయ మీద 2017లో వంతెన వచ్చింది. అంతకు ముందు తాడుకు వేలాడే తొట్టెలో కూర్చుని, లాక్కుంటూ దాటేవారు. పంటు కోసం రేవులో గంటల తరబడి కాచుకున్న కోనసీమ వాడు, యానాం, యెదుర్లంక మధ్య వారధి వచ్చాక పురిటి నొప్పులతో ఉన్న ఆడపిల్లను కాకినాడ ఆసుపత్రికి చేర్చడం ఎంత తేలికైందో చూసినవాడు, ఆ తొట్టె ప్రయాణం అందంగా ఉండేదని ఎన్నడూ అనడు. గ్యూ అనే ఊరికి మొబైల్ సిగ్నల్ 2024లో వచ్చింది. ఇంకా ముందే రావలసింది.

దేశ రక్షణ సంగతి ఏమిటని అడిగేవారికి జవాబు చెప్పాలి, ఎందుకంటే ఆ ప్రశ్న న్యాయమైనది. 2020 జూన్ 15న గల్వాన్‌లో 20 మంది సైనికులు ప్రాణాలిచ్చారు. వారిలో సూర్యాపేట వాడైన కల్నల్ సంతోష్ బాబు ఉన్నారు. ఆ సరిహద్దు గురించి తేలికగా మాట్లాడే హక్కు ఎవరికీ లేదు. సైన్యం అక్కడ ఉండాలి, సైన్యానికి రోడ్డు ఉండాలి. కానీ సరిహద్దు తగవు తేలకుండానే షిప్కీ లాలో 1994 నుంచి 2020 దాకా వర్తకం నడిచింది, నాథూ లాలో 2006లో మొదలైంది. దానివల్ల మనం నేల పోగొట్టుకోలేదు. పైగా సరిహద్దు ఊళ్ల నుంచి జనం వలస పోవడమే పెద్ద ప్రమాదమని ప్రభుత్వమే గుర్తించి, ఆ ఊళ్లను నిలబెట్టడానికి 2023లో 4,800 కోట్ల రూపాయలతో ఒక పథకం పెట్టింది. ఊరు నిలబడాలంటే అక్కడి కుర్రవాళ్లకు ఏడాది పొడవునా చేయడానికి ఒక పని కావాలి. తాతలు చేసిన వ్యాపారం ఇంకా చేతిలో ఉంది, దారి తెలుసు, భాష తెలుసు, అవతల చుట్టాలున్నారు. దాన్ని తెరవడానికి అయ్యే ఖర్చు చాలా తక్కువ.

మన వైపు నుంచి వెళ్లేవారికి నా సలహా ఒకటే: మనాలీ వైపు నుంచి ఎక్కకుండా సట్లెజ్ వైపు నుంచి ఎక్కండి. మనాలీ నుంచి వెళితే ఒక్క రోజులో 4,551 మీటర్ల కుంజుం మీదకు చేరతారు. సముద్రమట్టానికి నాలుగు మీటర్ల ఎత్తులో పుట్టి పెరిగిన మన ఊపిరితిత్తులకు అది మంచిది కాదు. రాంపూర్, కల్పా, నాకో, తాబో అంటూ మజిలీలు వేసుకుంటూ పోతే శరీరం సర్దుకుంటుంది, చరిత్ర కూడా జరిగిన వరుసలోనే కళ్లకు కడుతుంది. హోటళ్లకు బదులు ఊళ్లలో ఇళ్లలో ఉండండి. చిల్గోజా, ఆప్రికాట్లు, ఉన్ని మేజోళ్లు రోడ్డు పక్కన అమ్మే ఆడవాళ్ల దగ్గరే, బేరం ఆడకుండా కొనండి. జులై, ఆగస్టు నెలల్లో కిన్నౌర్‌లో చరియలు ఎక్కువగా విరుగుతాయి కనుక సెప్టెంబరు మేలు. సార్వా నాట్లు అయిపోయి చేతులు ఖాళీగా ఉండే రోజులవి. నవంబరులో లవీ చూడాలనుకునేవారు కాజా దాకా వెళ్లి అదే దారిన వెనక్కి రావాలి, అప్పటికి కుంజుం మంచుతో మూసుకుపోతుంది. ఆ సంతకు షిప్కీ లా దాటిన ఉన్ని మళ్లీ వచ్చే ఏడాది, కోతలు ఎంత దగ్గరపడినా సరే, నేను వెళతాను. బావగారు ఇప్పటికే మాట తీసుకున్నారు.